పీపా పుట్టింట్లో ఏడు రోజులు

మేడ్చల్ దగ్గర మా నాన్నకు మూడెకరాల ద్రాక్షతోట ఉండేది. రకం అనాబ్-ఎ-షాహీ. బొటనవేలంత పొడుగు కాయ, పల్చటి తొక్క, లోపల గింజలు. హైదరాబాద్ చుట్టూ ఒకప్పుడు ఆ పందిళ్లే కనిపించేవి. తర్వాత గింజలేని రకాలు వచ్చాయి, ఆ తర్వాత ప్లాట్లు వచ్చాయి. నేను డిగ్రీలో ఉండగా మా తోట పోయింది. పందిరి విప్పిన రోజు నాన్న అన్నం ముట్టలేదు.

పోర్చుగల్ మీద నాకు మనసు పడింది ఆ తోట వల్లే. కాబర్నే, షార్డొనే లాంటి నాలుగైదు ఫ్రెంచ్ రకాలు చిలీ నుంచి మన నాసిక్ దాకా పాకిపోయిన రోజుల్లో, తెలంగాణ కంటే చిన్నదైన ఈ దేశం 250కి పైగా సొంత ద్రాక్ష రకాలను నిలబెట్టుకుందని చదివాను. విస్తీర్ణంలో తెలంగాణ కంటే తక్కువ కాదు గదా అని మా ఆయన మ్యాప్ తీశారు. నేను చదివిందే నిజం, పోర్చుగల్ సుమారు 92,000 చదరపు కిలోమీటర్లు, తెలంగాణ సుమారు 1,12,000. తక్కువే. ఆ వాదన అక్కడ ముగిసింది, సెప్టెంబరులో కోతల టైమ్ చూసుకుని ఇద్దరం బయల్దేరాం.

మొదటి రోజు: పోర్టో

మధ్యాహ్నానికి దిగాం. సాయంత్రం 1886 నాటి డొం లూయిస్ వంతెన మీదుగా నడిచి నది అవతల ఉన్న విలా నోవా ద గాయాకి వెళ్లాం. ఈ ఊరి పేరుతోనే పిలిచే తీపి పోర్ట్ వైన్ పండేది ఇక్కడ కాదు, వంద కిలోమీటర్ల ఎగువన, ఈ డౌరో నది లోయలో. లోపలి ప్రాంతంలో ఎండ మాడ్చేస్తుంది, ఇక్కడ సముద్రపు గాలి చల్లగా ఉంటుంది కాబట్టి నిలవ చేయడానికి తరతరాలుగా ఇక్కడికే తెచ్చారు.

గోదాములో చల్లటి చీకటి. కలప వాసన, ఎండు అంజీర వాసన. గైడ్ అమ్మాయి ఒక చెక్క పీపా మీద చెయ్యి వేసి "పీపా" అంది. నేను ఉలిక్కిపడ్డాను. పోర్చుగీసులో కూడా దీన్ని అలాగే అంటారు. మనం కిరోసిన్ పీపా, తారు పీపా అంటున్నామే, ఆ మాట ఈ దేశపు ఓడల్లోనే మన తీరానికి వచ్చింది. తాపీ మేస్త్రీలో మేస్త్రీ, అనాస పండులో అనాస కూడా అలా వచ్చినవే. డౌరో లోయలో పీపా ఒక కొలత కూడా. 550 లీటర్లు. ఎంత పండిందని అడిగితే రైతు ఇప్పటికీ పీపాల్లోనే చెప్తాడు.

రెండో రోజు: లిమా లోయ

పొద్దున్నే కారు తీసుకుని ఉత్తరానికి, పొంట ద లిమా ఊరికి. విన్యో వెర్ద్ ప్రాంతం ఇది. మాటకు అర్థం పచ్చ వైన్. రంగు పచ్చ కాదు, లేతగా ఉండగానే తాగేస్తారు. వాన ఎక్కువ, ఎటు చూసినా పచ్చదనమే. ఇక్కడి తెల్ల ద్రాక్ష లోరైరో. అంటే బే ఆకు చెట్టు, మన బిర్యానీ ఆకు లాంటిదే. వైన్‌లో నిజంగానే ఆ ఆకు నలిపినట్టు చిన్న వాసన ఉంది, వెనకాల నిమ్మపులుపు. ఇంకొంచెం పైకి, స్పెయిన్ సరిహద్దులో మొన్సావ్, మెల్గాసు ఊళ్ల దగ్గర అల్వరీన్యో అనే తెల్ల ద్రాక్ష ఏలుతుంది. అంత దూరం వెళ్లలేకపోయాం.

ఒక ఇంటి దగ్గర కారు ఆపమన్నాను. పందిరి! మనిషి తలకు పైన తీగ, కింద మొక్కజొన్న, క్యాబేజీ. పైన వైన్, కింద తిండి. తేమ ఎక్కువ కాబట్టి గుత్తులకు గాలి తగలడానికి కూడా ఇలా పైకి ఎక్కించారు. కొత్త తోటల్లో తీగ వరసలే వేస్తున్నారు, పాత ఇళ్ల చుట్టూ మాత్రం పందిళ్లు మిగిలాయి. వాటిని మోసేవి గ్రానైట్ రాళ్లు. అచ్చం మా కడీలే.

నాన్నకు వీడియో కాల్ చేసి ఫోన్ పైకి తిప్పాను. కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత "కడీకి కడీకి నడుమ ఎంత పెట్టిండ్రు?" అని అడిగారు. అడుగులేసి కొలిచి చెప్పాను. "బగ్గ దూరం పెట్టిండ్రు" అన్నారు. ఆయన గొంతులో అంత హుషారు విని చాలా ఏళ్లయింది.

మూడో రోజు: పిన్యావ్‌కి రైలు

పోర్టో నుంచి డౌరో వెంట రైలు. కుడి వైపు కిటికీ పట్టుకోండి, నది అటే వస్తుంది. మొదటి గంట మామూలుగా ఉంటుంది. తర్వాత పట్టాలు ఒడ్డుకు దిగుతాయి, అక్కడి నుంచి కళ్లు తిప్పబుద్ధి కాదు.

కొండలకు మెట్లు. నది అంచు నుంచి శిఖరం దాకా, చేత్తో పేర్చిన రాతి గోడలు, ప్రతి గోడ వెనక రెండు మూడు వరసల తీగ. 2001లో యునెస్కో దీన్ని ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది. అంతకు చాలా ముందే, 1756లో, పోర్చుగల్ మంత్రి పోంబల్ మార్క్విస్ ఈ లోయకు సరిహద్దులు గీయించాడు, తర్వాత గ్రానైట్ రాళ్లు పాతించాడు. ఫలానా గీత లోపల పండిందే పోర్ట్ అని చట్టం చేశాడు. బనగానపల్లె మామిడికి, తిరుపతి లడ్డూకు ఇప్పుడు మనం జీఐ ట్యాగ్ తెచ్చుకున్నట్టే, రెండున్నర శతాబ్దాల క్రితం.

మధ్యమధ్యలో కొన్ని మెట్ల మీద తీగ లేదు, ముళ్లపొదలు, ఆలివ్ చెట్లు. వీటిని మొర్తోరియు అంటారు, చచ్చిపోయిన తోటలు. 1860ల్లో అమెరికా నుంచి వచ్చిన ఫిలోక్సెరా అనే పేను లాంటి పురుగు వేళ్లను తినేసింది. యూరప్ అంతా ఇదే కథ. చివరికి ఆ పురుగును తట్టుకునే అమెరికా వేరుమొక్క మీద సొంత రకాన్ని అంటుకట్టి గట్టెక్కారు. గోడలు కట్టిన చేతులే మళ్లీ నాటే శక్తి లేక కొన్ని మెట్లు వదిలేశాయి. రైలు వాటి పక్క నుంచి పోతుంటే మా ఊరి ప్లాట్ల హద్దురాళ్లు గుర్తొచ్చాయి.

పిన్యావ్ స్టేషన్ గోడలకు 1937లో అమర్చిన నీలిరంగు టైల్స్ బొమ్మలు 24 ఉన్నాయి. కోత, గంపలు మోయడం, పీపాలు ఎక్కించుకుని పోయే రబేలో పడవలు. నది మీద ఆనకట్టలు కట్టాక ఆ పడవల పని అయిపోయింది, ఇప్పుడు సరుకు రోడ్డు మీద ట్యాంకర్లలో పోతుంది.

నాలుగో రోజు: పాత తోటలో

ఏడింటికల్లా తోటలో ఉన్నాం. నేల చూడగానే నాకు నోట మాట రాలేదు. అసలు మట్టే లేదు. పలకరాయి, నిలువునా పొరలుగా చీలిన షిస్ట్ రాయి. ఆ పొరల సందుల్లోంచి వేరు నీళ్ల కోసం కిందికి దిగుతుంది. పగలు రాయి వేడెక్కుతుంది, రాత్రి ఆ వేడిని గుత్తికి ఇస్తుంది.

తోట వయసు ఎనభై ఏళ్ల పైమాట. ఇలాంటి పాత తోటల్లో ఒకే రకం ఉండదు, ఒకే చెక్కలో ఇరవై, ముప్పై రకాలు కలిపి నాటారు. ఒక రకానికి తెగులొస్తే ఇంకోటి నిలుస్తుంది, ఒకటి ఎండకు ముడుచుకుపోతే ఇంకోటి పులుపు అందిస్తుంది. జొన్నచేలో కంది, పెసర, బొబ్బర కలిపి వేసే మన రైతుకు ఈ లెక్క విడమర్చి చెప్పనక్కర్లేదు.

నాకు కత్తెర, బకెట్ ఇచ్చి ఒక పెద్దావిడ పక్కన నిలబెట్టారు. ఆవిడకు ఇంగ్లిష్ రాదు. గుత్తి పట్టుకుని పేరు చెప్పేది, నేను తిరిగి చెప్పేదాన్ని. టింటా బరోకా, పెద్ద కాయ, ఎండకు అప్పుడే కొంచెం వడలింది. టూరిగా ఫ్రాంకా, ఈ లోయలో ఎక్కువగా కనిపించేది ఇదే. టింటో కావ్, అంటే ఎర్ర కుక్క. గుత్తి చిన్నది, కాయ మరీ చిన్నది. ఇంకో తీగ దగ్గర ఆవిడ కాయను నా అరచేతిలో నలిపింది. రక్తం లాంటి రసం. నల్ల ద్రాక్ష అయినా సాధారణంగా లోపల గుజ్జు తెల్లగానే ఉంటుంది, రంగంతా తొక్కలోనే. ఈ సౌజావ్ అనే రకానికి మాత్రం రసమే ఎరుపు. సాయంత్రం దాకా ఆ మరక పోలేదు.

చివరికి టూరిగా నాసియోనల్. పోర్చుగల్ ద్రాక్షలకు రాణి అని పేరు. ఆ పేరు విని ఘనంగా ఊహించుకున్నాను. చేతిలోకి వచ్చింది పిడికిలంత గుత్తి, బఠాణీ కంటే కాస్త పెద్ద కాయలు. కొరికితే తొక్క వగరు, రసం చిక్కగా. నేరేడు, దాని మీద నారింజ తొక్క గిల్లినప్పటి వాసన. దిగుబడి ఇంత తక్కువ కాబట్టే ఫిలోక్సెరా తర్వాత రైతులు దీన్ని పక్కన పెట్టారు, ఒక దశలో దాదాపు కనుమరుగైంది. 1970ల చివర్లో పరిశోధకులు పాత తోటల్లో తిరిగి మంచి తీగలను ఏరి, కొమ్మలు తెచ్చి పెంచడం మొదలుపెట్టారు. అంతకు ముందు ఏ రకం ఎక్కడ ఎలా పండుతుందో విడివిడిగా చూసినవాళ్లే తక్కువ. 1981లో జోసె రామోస్ పింటో రోసాస్, జొవావ్ నికోలావ్ ద అల్మైదా అనే ఇద్దరు ఏళ్ల తరబడి చేసిన పరిశీలన బయటపెట్టి ఐదు రకాలను ముందు నాటమన్నారు. ఆ ఐదింటిలో టూరిగా ఉంది. 2021లో, ఎండలు ముదిరిపోతున్నాయని, సాక్షాత్తు ఫ్రాన్స్‌లోని వైన్ సీమ బోర్డో వాళ్లే తమ జాబితాలో టూరిగాకు, అల్వరీన్యోకు చోటిచ్చారు. ఫ్రాన్స్ రకాలు లోకమంతా తిరిగాయి గానీ, బోర్డో గడప తొక్కిన పరాయి రకాలు ఎన్నని? ఈ మాట వినగానే నాకు సొంత చుట్టం గెలిచినంత సంబరం వేసింది.

రాత్రి తొక్కుడు. లగార్ అంటే గ్రానైట్ రాతి తొట్టి, మోకాలు దాటే లోతు. కాళ్లు శుభ్రంగా కడిగించి, నిక్కర్లతో దింపారు. మొదట రెండు గంటలు కాయలు నలిగేలా వరస తొక్కుడు, దాన్నే వీళ్లు కోత అంటారు. భుజాల మీద చేతులేసుకుని వరసగా నిలబడాలి, ఒకాయన లెక్క చెప్తుంటే అందరం ఒకేసారి ఎడమ, కుడి. అడుగు పెడితే కాయలు పాదం కింద చిట్లడం తెలుస్తుంది, తొడిమెలు గుచ్చుకుంటాయి. మొదట చల్లగా ఉంటుంది, అడుగున మాత్రం నిన్న పోసిన రసం పులియడం మొదలై గోరువెచ్చగా తగిలింది. నాట్లేసేటప్పుడు మడిలో కాళ్లకు తగిలే వెచ్చదనం అది. మనిషి పాదం తొక్కను నలుపుతుంది గానీ గింజను పగలగొట్టదు, గింజ పగిలితే చేదు దిగుతుంది. రెండు గంటలయ్యాక ఆయన "లిబెర్దాద్" అని అరిచాడు. స్వేచ్ఛ! అకార్డియన్ మొదలైంది, ఎవరికి తోచినట్టు వాళ్లు తొట్టిలో ఆడారు. మా ఆయన కూడా ఆడారు.

పోర్ట్‌కి తీపి ఎలా వస్తుందో అక్కడే అర్థమైంది. చక్కెర సగం పులిసేసరికి 77 శాతం బలమున్న ద్రాక్ష సారా కలిపేస్తారు. పులియబెట్టే ఈస్ట్ చచ్చిపోతుంది, మిగిలిన తీపి అలాగే నిలుస్తుంది. 435 లీటర్ల రసానికి 115 లీటర్ల సారా అన్నది పాత లెక్క. కూడితే 550. ఒక పీపా.

ఐదో రోజు: డావ్, బైరాడ

దక్షిణానికి రెండు గంటల లోపే విజేవ్. రాయి మారిపోయింది. పలకరాయి పోయి గ్రానైట్, పైన్ అడవి. డావ్ ప్రాంతం చుట్టూ కొండలు కోటలా నిలబడి సముద్రపు వానను, లోపలి ఎండను రెండింటినీ ఆపుతాయి. టూరిగా అసలు ఊరు ఇదే అంటారు ఇక్కడివాళ్లు, టొండేలా దగ్గర టూరిగో అనే పల్లె కూడా చూపిస్తారు. ఇక్కడి టూరిగా వైన్ తాగితే నిన్నటి కాయే అనిపించదు. అక్కడ బరువు, ఇక్కడ పూల వాసన.

నాకు మాత్రం తెల్లది, ఎన్‌క్రుజాదో, మనసులో నిలిచిపోయింది. ఈ ప్రాంతం దాటితే పెద్దగా కనిపించని రకం. పక్కన సెర్రా ద ఎస్ట్రేలా గొర్రెపాల చీజ్ పెట్టారు. పాలు విరగడానికి జంతువు నుంచి తీసింది కాదు, ఒక ముళ్లమొక్క పువ్వు వాడతారు. చెంచాతో తీసుకుని తినేంత మెత్తగా ఉంది. నియంత సలాజార్ పాలనలో ఇక్కడ ద్రాక్ష కొనే హక్కు సహకార సంఘాలకే ఉండేదట, చిన్న తోటలవాళ్లు సొంత పేరుతో వైన్ చేయడానికి వీల్లేకపోయింది. 1986లో యూరోపియన్ కూటమిలో చేరాక ఆ కట్టు తెగింది. ఎన్‌క్రుజాదో లాంటి రకాల అసలు రుచి బయటివాళ్లకు తెలిసింది ఆ తర్వాతే.

మధ్యాహ్నం బైరాడ. బుక్ చేసుకున్న తోట నుంచి ఫోన్, వాన వస్తోంది, అందరం కోతలో ఉన్నాం, రావద్దని. డబ్బు కట్టాం గదా అని కొంచెం టెన్షన్ పడ్డాం. దారిలో ఇంకో తోట దగ్గర ఆపి అడిగితే లోపలికి రమ్మన్నారు.

ఇక్కడి ద్రాక్ష పేరు బాగా. పోర్చుగీసులో ఆ మాటకు చిన్న పండు అని అర్థం. తెలుగులో ఏమిటో చెప్తే ఆ తోటాయన నవ్వి, పండించేవాడికి బాగా కాదు, తాగేవాడికి బాగా అన్నాడు. ఆలస్యంగా పండుతుంది, గుత్తి బిగుతు. సరిగ్గా పండే వేళకు సముద్రం మీది నుంచి వాన దిగుతుంది, కుళ్లు పడుతుంది. తొందరపడి కోస్తే నోరు ముడుచుకుపోయే వగరు. ఎక్కువమంది విసిగిపోయి దీన్ని పీకేశారు. లూయిస్ పాటో లాంటివాళ్లు 1980ల నుంచి దీన్నే పట్టుకుని కూర్చున్నారు. ఇప్పుడు కొందరు ముందుగానే సగం గుత్తులు కోసి నురగ వైన్ చేస్తారు, మిగతా సగానికి తీగ బలమంతా అందుతుంది. నురగ వైన్‌కి పులుపే కావాలి కాబట్టి పచ్చిగా కోసినవి వృథా కావు. 1890 నుంచీ ఇక్కడ ఆ వైన్ చేస్తున్నారు.

నేల బంకమట్టి, చెప్పులకు శేరున్నర అంటుకుంది. ఇరవై ఏళ్లు నిలవ ఉన్న బాగా వైన్ ఒక గుటక పోశాడాయన. వగరు కరిగిపోయి, ఎండు చెర్రీ, అడవిలో తడి ఆకు వాసన. రాత్రి మియల్యాదాలో పాలు తాగే పందిపిల్ల కాల్చిన మాంసం, చర్మం అప్పడంలా పగిలింది. కొవ్వును నురగ వైన్ పులుపు కడిగేస్తుంది.

ఆరో రోజు: కొలారిష్

లిస్బన్ పక్కన సింట్రా, అక్కడి నుంచి సముద్రం వైపు దిగితే కొలారిష్. ఈ యాత్రలో నేను అందరికంటే ముందు చూడాలనుకున్న చోటు ఇది.

ద్రాక్షతోట అని చూపించారు. నాకు కనిపించింది ఇసుక. గుమ్మడి పాదులా నేల మీద పాకిన తీగలు, చుట్టూ వెదురు లాంటి రెల్లుతో అల్లిన దడులు. దడి అవతల అట్లాంటిక్ హోరు. రెల్లుకు ఇటువైపు కూర్చుంటే గాలి లేదు, లేచి నిలబడితే నెత్తి మీద గుడ్డ ఎగిరిపోతుంది. కాయ రంగు తిరిగాక ఇసుక వేడికి కాలకుండా ఒక్కొక్క తీగను చిన్న రెల్లు పుల్లల మీద ఎత్తి నిలబెడతారు. ఒక పుల్ల జారి ఉంటే నేనే సరిచేశాను. జానెడు ఎత్తు, అంతే.

ఈ రకం పేరు రమిష్కో. ఫిలోక్సెరా యూరప్‌ను ఊడ్చేసినప్పుడు ఇసుకలో ఆ పురుగు బతకలేకపోయింది. అందుకే ఇక్కడి తీగలు అంటు కట్టకుండా ఇప్పటికీ సొంత వేరు మీదే ఉన్నాయి. అయితే తీగకు తిండి ఇసుకలో లేదు, అడుగున ఉన్న బంకమట్టిలో ఉంది. నాటాలంటే ఇసుక తవ్వుకుంటూ కొన్ని చోట్ల నాలుగైదు మీటర్లు దిగాలి. పక్క నుంచి ఇసుక కూలితే ఊపిరాడేలా పాతకాలపు కూలీలు తల మీద గంప బోర్లించుకుని తవ్వేవాళ్లు. ఆ మాట విన్నాక ఆ తీగల మధ్య ఒళ్లు దగ్గర పెట్టుకుని నడిచాను.

1908లో ఈ ప్రాంతానికి హద్దులు గీశారు, 1931లో సహకార సంఘం పెట్టారు. పురుగు చంపలేనిదాన్ని ఇళ్ల స్థలాలు చంపబోయాయి. లిస్బన్‌కి ఇంత దగ్గర, సముద్రం కనిపించే నేల. తోటలు ఒక్కొక్కటే విల్లాలయ్యాయి. మిగిలింది చాలా కొంచెం. ఈమధ్య కొందరు కుర్రవాళ్లు మళ్లీ నాటుతున్నారని విన్నప్పుడు గుండె నిండింది.

సంఘం గోదాములో గ్లాసు ఇచ్చారు. రంగు పల్చన, దానిమ్మ రసంలా. మొదటి గుటకకు పులుపు, వగరు, ఉప్పగాలి. అర్థం కాలేదు. సీసా కూడా అరలీటరుదే. రెండో గుటక తర్వాత గ్లాసు కింద పెట్టలేకపోయాను.

ఏడో రోజు: విలా ద ఫ్రాద్ష్

అలెంతేజు మైదానం. దారి పొడవునా కార్క్ చెట్లు, మాను బెరడు ఒలిచి ఎర్రగా, దాని మీద తెల్ల రంగుతో ఒక అంకె. 7 అని ఉంటే 2017లో ఒలిచారని. మళ్లీ తొమ్మిదేళ్ల దాకా ముట్టరు. ప్రపంచంలో సగం కార్క్ ఈ దేశానిదే.

ఈ ఊళ్లో వైన్ చెక్కలో, స్టీలులో కాదు, మట్టి బానల్లో పులుస్తుంది. తాల్యా అంటారు. మనిషి కంటే ఎత్తైనవి, లోపల పైన్ బంక పూస్తారు. రోమన్ల నాటి పద్ధతి, ఊరి పక్కనే సావ్ కుకుఫాతె రోమన్ శిథిలాలున్నాయి. ఆంతావ్ వాష్ అనే తెల్ల ద్రాక్షను తొక్కతో సహా బానలో వేసేశారు. తొక్కంతా పైకి తేలి గట్టి మూతలా కడుతుంది, రోజుకు రెండు మూడుసార్లు చెక్క తెడ్డుతో కిందికి తొయ్యాలి. నన్ను నిచ్చెన ఎక్కించి తెడ్డు ఇచ్చారు. నొక్కగానే బుస్సుమని గ్యాస్, కళ్లలో నీళ్లు. తొయ్యకపోతే బాన పగిలిపోతుందట. అందుకే నేల మధ్యకు వాలుగా ఉంటుంది, అక్కడ ఇంకో బాన పాతి పెడతారు, ఒలికిన వైన్ అందులోకి చేరుతుంది. దాని పేరు లద్రావ్. దొంగ.

నవంబరు 11, సెయింట్ మార్టిన్ పండుగకు బాన అడుగున చెక్క కుళాయి కొడతారు. అప్పటికి తొక్కంతా కిందికి దిగి తనే వడగట్టుకుంటుంది.

ఆ ఇంటి పెద్దాయన, మనవరాలి చేత అడిగించాడు, మీ ఊళ్లో ద్రాక్ష ఏ రకం అని. అనాబ్-ఎ-షాహీ అన్నాను. రెండుసార్లు పలికి చూసుకున్నాడు. రైతులు ఇంకా వేస్తున్నారా అన్నాడు. మాది పోయిందన్నాను. ఒక్క తీగ కూడా లేదా అన్నాడు.

బయటికి వచ్చి నాన్నకు ఫోన్ చేశాను. అక్కడ రాత్రయింది.

"నానా, శామీర్‌పేట్ మేనత్త ఇంటెనక బోరు కాడ మన తోటల తీగ ఒకటి ఉండె గదా. ఉన్నదా?"

"ఉన్నది. బట్టలారేస్తున్నరు దాని మీద."

"అక్టోబర్ల కత్తిరింపు చేసినప్పుడు కొమ్మలు పారెయ్యొద్దని చెప్పు. నేనొస్త."

కాసేపు అవతల చప్పుడు లేదు.

"నాలుగు కణుపులుండాలె బిడ్డా, పెన్సిలంత లావు" అన్నారు. "పొద్దుగాల నేనే పోత."